నాలుగో ట్యూబు

సెప్టెంబర్ 2

ఈ పుస్తకం రాయడం నా ఉద్యోగంలో భాగం. రక్తం తీసేవాళ్ళు ఆ రోజు ఎవరి దగ్గర తీశారో, ఎవరు తిట్టారో, ఎవరు కళ్ళు తిరిగి పడ్డారో రాసి పెట్టాలని మా ఊరి ఆసుపత్రి అయిన ఆరోగ్య తెప్ప వాళ్ళ నియమం. రాసింది ఎవరూ చదవరు. ఆ సంగతి తెలిశాకే నాకు రాయడం మీద ప్రేమ పుట్టింది.

నా పేరు చిక్కాల హైమావతి. నీళ్ళ మీద తేలే మా తెప్పలూరులో నన్ను ఆ పేరుతో పిలిచేది టైలర్ సుభానీ మాస్టారు ఒక్కరే, మిగతా ఊరంతటికీ నేను దోమక్కని. వయసు యాభై మూడు, సూది పట్టి ఇరవై తొమ్మిదేళ్ళు. కింద తెప్ప ఊగుతున్నా, దాని మీద కుర్చీ ఊగుతున్నా, కుర్చీలో మనిషి నా వంశాన్ని తిడుతున్నా, ఒక్క పోటుతో నరం దొరకబుచ్చుకుంటాను. ఈ ముక్క నా గురించి నేనే చెప్పుకోవడం బాగుండదు కానీ, చెప్పేవాళ్ళు లేనప్పుడు ఏం చేస్తాం.

ఈ రోజు ఎండుచేపల వీధి మొదలుపెట్టాను. వీధి అంటే ఒకదాని తోక ఒకటి పట్టుకున్న ముప్పై ఒక్క తెప్పలు. ఊళ్ళో రక్తం తీసే రెండో మనిషి భీమేశ్వరి ఆ కంపుకి ముక్కుకు గుడ్డ కట్టుకుని కూడా రెండు తెప్పలు దాటలేకపోయింది. నాకు ఏమీ అనిపించదు. నాలుగేళ్ళుగా ఆ వీధి నాదే, కాపురం కూడా అక్కడే పెట్టేశాను. మొద్దు ముక్కు కూడా ఒక అర్హతేనని ఆఫీసులో మెచ్చుకున్నారు.

వీధిలో యాభై దాటినవాళ్ళు ఇరవై ఆరుగురు. మధ్యాహ్నానికి ఇరవై ముగ్గురివి తీశాను. సాయంత్రం ఆరోగ్య తెప్ప నుంచి కబురొచ్చింది, ట్యూబుల మీద నేను రాసే పేర్లు చీమ తలకాయంత ఉంటున్నాయట. సిరా పొదుపు చేస్తున్నానని చెప్పి పంపాను.

సెప్టెంబర్ 4

మిగిలిన ముగ్గురూ మూడు మొండి గోడలు.

మొదటి గోడ నూకరత్నం వదిన. వీధికి ఆ పేరు తెచ్చిన ఎండుచేపల తెప్ప ఆవిడదే. నా పెట్టె చూడగానే చేపల బుట్ట అడ్డం పెట్టుకుంది. "ఎల్లెల్లవే తల్లీ. గాలం ఏసేవాళ్ళ ఇంట్లో నెత్తురు తీయించుకుంటే చేప మొకం చాటేస్తది. మా అత్త చెప్పింది."

రెండో గోడ అప్పన్న బాబాయి. ఒకప్పుడు లాంచీ నడిపిన సరంగు, ఇప్పుడు అరుగు సరంగు. "ఆయ్, ఇద్దామమ్మా, ఎందుకియ్యం. రేపు రా" అన్నాడు. ఈ "రేపు రా" నాకు మూడేళ్ళుగా చెబుతున్నాడు.

మూడో గోడ సుభానీ మాస్టారు. డెబ్బై రెండేళ్ళ మనిషి, యాభై ఐదేళ్ళుగా సూదితోనే తింటున్న మనిషి, నా సూది చూడగానే కుట్టుమిషను వెనక్కి వెళ్ళి నిలబడ్డారు.

"నాకెందుకమ్మా హైమమ్మా, నేనేం వణకట్లేదు కదా" అన్నారు. ఆ మాట అంటుండగా ఆయన చేతిలో టీ గ్లాసు గలగలమంది. నా చేతిలోదీ గలగలమంది.

అదే మా ఊరి చిక్కు. నేల మీద బతికిన రోజుల్లో డాక్టర్లు మనిషిని నడిపించి, చెయ్యి చాపించి, వణుకు చూసి పార్కిన్సన్స్ అని చెప్పేవారట. తెప్పల మీద అందరూ ఊగుతూనే నడుస్తారు, అందరి గ్లాసులూ వణుకుతాయి. ఇక్కడ కంటికి దొరికేసరికి కథ ముగింపుకొస్తుంది, అందుకే రక్తంలో వెతుకుతాం.

మాస్టారికి ఆయన భాషలోనే చెప్పాను. "మీ బీరువాలో ఒక్క చొక్కా పిచ్చి మడత పెట్టారనుకోండి. దాన్ని చూసి పక్క చొక్కా, దాన్ని చూసి ఆ పక్క చొక్కా, అన్నీ అలాగే మడత మార్చుకుంటే ఎలా ఉంటుంది? మెదడులో ఒక ప్రోటీన్ అలా చేస్తుంది. ఆ పిచ్చి మడతలు కాసిని రక్తంలోకి జారతాయి, వణుకు రావడానికి పదేళ్ళ ముందే. మా మెషిను వాటిని ఏరి లెక్కపెడుతుంది. ఇరవై లోపు వస్తే బెంగ లేదు. దాటితే రోజూ గంట కోలాటం, ఆ తర్వాత మాత్రలు. అంతే, వణుకు గడప దాటదు."

ఆయన అంతా శ్రద్ధగా విని, "చాలా బాగా చెప్పావమ్మా" అని మిషను వెనకే ఉండిపోయారు.

వీళ్ళు ఇస్తే ఎంత, ఇవ్వకపోతే ఎంత అని ఊరుకునేదాన్నే. కానీ రేపటిలోగా యాభై దాటినవాళ్ళందరూ ఇచ్చిన వీధికి నిండు జెండా ఇస్తారు. జెండా వచ్చిన వీధిని తుఫాను నెలల్లో లోపలి రేవులో, గాలి తగలని చోట కడతారు. కిందటేడు మేము బయటి వరసలో ఉన్నాం. నా పెంకుల పొయ్యి, రెండు కుర్చీలు, ఒక మేక సముద్రం పాలయ్యాయి. మేక నాది కాదు, కానీ బాధ నాదే.

సెప్టెంబర్ 5

చేశాను.

పొద్దున ముగ్గురి గుమ్మాలూ మళ్ళీ ఎక్కి దిగాను. పడమటి గాలి వస్తోందని రేవు మైకులో చెప్పారు. ఇంటికొచ్చి తలుపు వేసుకుని, ఎడమ చేతికి రబ్బరు పట్టీ పళ్ళతో బిగించి, ఒక్క పోటుతో, అవును, ఒక్క పోటుతోనే, మూడు ట్యూబులు నింపాను. పేర్లు రాశాను. పెన్నీరు నూకరత్నం. మల్లాడి అప్పన్న. షేక్ సుభానీ.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా అమ్మ అనేది. అమ్మ తుఫానులో బయటి వరసలో ఎప్పుడూ పడుకోలేదు.

మా ఉద్యోగుల రక్తం జెండా లెక్కలోకి రాదు, డిసెంబర్లో ఇవ్వొచ్చు. నాలుగు డిసెంబర్లుగా వాయిదా వేస్తున్నాను. ఊరందరికీ వడ్డించేవాడు చివరికి కదా తినాలి.

సెప్టెంబర్ 7

జెండా వచ్చింది. ముప్పై ఒక్క తెప్పల్నీ రెండు టగ్గు పడవలు కలిసి లోపలి రేవుకి లాగాయి. ఇల్లు కదలకుండానే ఇల్లు మారడంలో ఉన్న మజా నేల మీద వాళ్ళకి ఏం తెలుస్తుంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా కిటికీలోంచి బయటి వరస వెళ్ళిపోయింది, చేపల బజారు వెళ్ళిపోయింది, నీళ్ళలోంచి నెత్తి మాత్రం బయటపెట్టిన అంతర్వేది లైట్‌హౌస్ వెళ్ళిపోయింది. పప్పులో ఉప్పు వేసేసరికి మేము లోపలి రేవులో ఉన్నాం. అప్పన్న బాబాయి తన తెప్ప ముందు నిలబడి, ఎవరూ అడక్కపోయినా, టగ్గు వాళ్ళకి దారి చెప్పాడు. వీధి వీధంతా నన్ను బుజాల మీదికి ఎత్తుకున్నంత పని చేసింది. నేను వద్దంటూనే ఎంతో సంతోషపడ్డాను. మేమెప్పుడిచ్చాం అని మొండి గోడలు ముగ్గురూ అడిగితే, మీరు నిద్రలో ఉండగా దోమలా తీసుకుపోయానని కోశాను, నా చేతి సంగతి తెలిసినవాళ్ళు కాబట్టి నమ్మేశారు.

సెప్టెంబర్ 19

ఫలితాలు వచ్చాయి. ఇరవై ముగ్గురూ పదికి లోపే. మూడు ఎర్ర కాగితాలు.

నూకరత్నం 41.6. అప్పన్న 41.6. సుభానీ 41.5.

మెట్ల మీద కూర్చుని ఆ మూడు కాగితాలూ చాలాసేపు చూశాను. ముందు నవ్వొచ్చింది. ముగ్గురు మనుషులు, మూడు జబ్బులు, ఒక్కటే చెయ్యి. ఆ చెయ్యి నా ఒళ్ళోనే ఉంది.

ఇంటికెళ్తూ ఎండుచేపల తెప్ప దగ్గర ఆగి ఒక సావడ చేప తీసి ముక్కుకి ఆనించుకున్నాను. ఇంకొంచెం నొక్కి పీల్చాను. ఏమీ లేదు, చెక్క ముక్కని వాసన చూసినట్టుంది. వాసన పోవడం ఈ జబ్బు పంపే తొలి ఉత్తరాల్లో ఒకటని ఏడాదికోసారి మాకు పాఠం చెబుతారు. అక్షరాలు చిన్నవైపోవడం రెండోది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ పాఠం వింటున్నాను, నాలుగేళ్ళుగా నా ముక్కుని మెచ్చుకుంటున్నాను.

భయమేసింది. వణుకంటే కాదు. నా చేతికి నరం దొరకని రోజు ఒకటి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు, దానికి భయమేసింది.

రేపు చెబుతాను.

సెప్టెంబర్ 20

రేపు చెబుతాను.

సెప్టెంబర్ 24

చెప్పలేదు. దొంగకు తేలు కుట్టినట్టు తిరుగుతున్నాను. ఒక్కటే ధైర్యం, మాత్రలు అక్టోబర్ 4 దాకా ఇవ్వరు. అప్పటిదాకా కోలాటం మాత్రమే. కోలాటంతో ఎవరూ చెడిపోరు.

చెడిపోకపోగా ఏమవుతున్నారో రాయాలి. రోజూ పొద్దున ఏడింటికి మా తెప్ప మీదే ముగ్గురికీ కోలాటం, పక్కన నేను. మొదటి రోజు నూకరత్నం వదిన కోలలని చేపల్ని తరిమే కర్రల్లా పట్టుకుని సుభానీ మాస్టారి వేళ్ళ మీద నాలుగుసార్లు కొట్టింది. అప్పన్న బాబాయి కోలాటాన్ని కూడా లాంచీలాగే నడపాలని చూశాడు. "ఎడం పక్కకి కొయ్యండి, ఎడం పక్కకి" అని లాంచీ తిప్పే కేకలు. మూడో రోజుకి నలుగురి కర్రలూ కలిశాయి. తెప్ప ఒక పక్కకి ఒరిగినప్పుడు అడుగు, రెండో పక్కకి ఒరిగినప్పుడు కర్ర. సముద్రమే తాళం వేస్తుంటే తప్పు అడుగు ఎలా పడుతుంది.

జోడీకి మనిషి కావాలని మొదటి రోజే నన్నూ లాగారు. ఎర్ర కాగితం వచ్చింది వీళ్ళకి అయితే, ప్రాణం పెట్టి ఆడుతున్నది నేను.

"నువ్వు భలే ఆడతన్నావే దోమా," అంది వదిన రొప్పుతూ. "జబ్బు మాకా, నీకా?"

కర్ర చేతిలోంచి జారి నీళ్ళలో పడింది. అందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

సెప్టెంబర్ 29

ఆరోగ్య తెప్పకి కొత్తగా వచ్చిన డాక్టర్ లలితాంగి గారు వీధి సభ పెట్టారు. చిన్న పిల్ల, ముఖం నిండా కళ్ళజోడు, మాట మాత్రం సూటిగా ఉంటుంది. ఒకే వీధిలో మూడు కేసులు, మూడూ ఇంచుమించు ఒకే అంకె. ఇది ఒంట్లో పుట్టింది కాదు, వీధిలో ఏదో విషం ఉంది అన్నారు. ఎండుచేపలకి ఈగలు పట్టకుండా చల్లే మందు మీద ఆవిడ అనుమానం. కొన్ని పురుగుమందులకీ ఈ జబ్బుకీ చుట్టరికం ఉన్న మాట నిజమే, పాపం ఆవిడ తప్పేమీ లేదు. తప్పంతా ఆవిడ చేతిలో ఉన్న కాగితంలో ఉంది.

నాలుగో తారీకు పొద్దున వీధిని ఊరి నుంచి విప్పేస్తారు. లైట్‌హౌస్ అవతల లంగరు వేస్తారు, విషం తేలేదాకా అక్కడే. ఎండుచేపల తెప్పని తగలబెడతారు.

లైట్‌హౌస్ అవతల అంటే తుఫానుకి మొదటి ముద్ద.

సభలో నూకరత్నం వదిన లేచింది. ఆవిడ గొంతు అంత చిన్నగా ఉండగా నేనెప్పుడూ వినలేదు. "నేను చల్లేది ఉప్పూ పసుపేనండీ. మందు కొనే తాహతు ఎవరికుందండీ," అంది. తర్వాత మాస్టారి వైపు, బాబాయి వైపు తిరిగింది. "నా చేపలు తినే మీకిలా అయితే నన్ను చమించండి."

నా చెయ్యి బుగ్గ మీద పెట్టుకుని ఆ మాట విన్నాను. నా అంత నీచురాలు తెప్పలూరులో ఇంకొకతె ఉంటుందా అనిపించింది.

సెప్టెంబర్ 30

చెప్పేశాను.

పొద్దున కోలాటానికి ముగ్గురూ వచ్చారు, వదిన కళ్ళు వాచి ఉన్నాయి. కర్రలు ఎత్తబోతుంటే ఆపి, ఎడమ చెయ్యి చాపి, అంతా చెప్పాను. పట్టీ పళ్ళతో బిగించిన సంగతి కూడా. మాట ఎక్కడ ఆపాలో తెలియక మేక గురించి కూడా చెప్పాను.



ముందు అప్పన్న బాబాయి తేరుకున్నాడు. "అంటే నాకేం లేదన్నమాట."

"లేదో ఉందో తెలీదు బాబాయి. మీ రక్తం ఎవరూ చూడలేదు."

"మరి కోలాటం మానెయ్యాలా?" అన్నాడు. ఎర్ర కాగితం వచ్చినప్పుడు కూడా ఆయన ముఖం అంత వాడిపోలేదు.

నూకరత్నం వదిన లేచి వచ్చి నా చెంప మీద ఒకటి వేసింది. చేపల చెయ్యి, కదిపితే ఉప్పు రాలుతుంది. వేసి, అదే చెయ్యి నా నెత్తి మీద పెట్టి నిలబడిపోయింది. "ఒసేయ్, అయితే ఆ జబ్బు నీకన్నమాటే," అంది. అంతవరకూ నేను ఎవరికీ ఆ మాట చెప్పలేదని అప్పుడు తెలిసింది. ఎంత ఏడ్చానో రాయను.

సుభానీ మాస్టారు మాత్రం తన కోలలని జేబు రుమాలుతో తుడుస్తూ కూర్చున్నారు.

మధ్యాహ్నం నలుగురం ఆరోగ్య తెప్పకి వెళ్ళాం. లలితాంగి గారు విని కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "మీ చేతి మీద తప్ప ఇంకెవరి చేతి మీదా ఈ ఊళ్ళో అంత నమ్మకం లేదండీ," అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

శిక్ష వెంటనే చెప్పేశారు. మూడో తారీకుకల్లా నా సూది పెట్టె అప్పగించాలి. జెండా వెనక్కి ఇచ్చి వీధి బయటి వరసకి వెళ్ళాలి. చేపలు, లంగరు సంగతి మాత్రం కొత్త రక్తం చూశాకే. రేపు తన కళ్ళ ముందు నాలుగు ట్యూబులు కావాలి. మూడు వీళ్ళవి, నేనే తీయాలి, అదే నా చివరి పని. నాలుగోది నాది. నా సూది నాకు నేను గుచ్చుకోవడం ఇక కుదరదు.

"మరి ఎవరు తీస్తారండీ?" అన్నాను. భీమేశ్వరి తూర్పు వీధుల్లో ఉంది, రావడానికి వారం. డాక్టర్లు సూది పట్టడం మానేసి రెండు తరాలైంది, లలితాంగి గారి చేతికి స్క్రీను తప్ప ఏమీ తెలీదు. ఆవిడ నియమాల పుస్తకం తిప్పారు. తెలిసిన చెయ్యి దొరకనప్పుడు, ఉన్నవాళ్ళలో నిలకడైన చెయ్యి, ఇద్దరు సాక్షుల ముందు తీయొచ్చని ఉంది. తెప్పల మీద బతుకు కదా, అన్నిటికీ ఇలాంటి నియమం ఒకటి ఉంటుంది.

"నిలకడైన చెయ్యి ఎవరిది?" అన్నారు.

మాస్టారు లేచారు. "కదిలే తెప్ప మీద యాభై ఐదేళ్ళు కాజాలు కుట్టానండీ," అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఒక షరతమ్మా. ముందు నువ్వు నాది తియ్యి. నేను భయపడితే నవ్వకు."

అక్టోబర్ 1

వదిన కళ్ళు మూసుకుని గంగమ్మ తల్లికి మొక్కుకుంటూ ఇచ్చింది. బాబాయి, "అంతేనా, దీనికా మూడేళ్ళు" అని తన మీద తనే కోప్పడ్డాడు.

మాస్టారు కుర్చీలో కూర్చోగానే ఒళ్ళంతా బిగుసుకుపోయింది. "బట్టకి నొప్పి ఉండదమ్మా," అన్నారు. "ఇన్నేళ్ళు గుచ్చాను, ఒక్కటి కూడా అబ్బా అనలేదు. మనిషిని గుచ్చడం నేను ఎలా చూస్తాను?" అలా మాట్లాడుతుండగానే తీసేశాను. ఇరవై తొమ్మిదేళ్ళలో అంత మెత్తగా ఎవరికీ గుచ్చలేదు. అయిపోయిందని చెప్పినా ఆయన నమ్మలేదు, ట్యూబు చూపించాల్సి వచ్చింది.

తర్వాత నేను కూర్చున్నాను. పట్టీ ఎలా కట్టాలో, నరం వేలికి ఎలా తగులుతుందో, సూది ఎంత వాలు పట్టాలో చెప్పాను. మాస్టారు నా మోచేతి మడత మీద వేలు పెట్టి, బట్ట నేత చూసినట్టు చూశారు. అల వచ్చింది. ఆయన ఆగారు. అల వెళ్ళింది.

ఒక్క పోటు.

ఊళ్ళో నాకు పోటీ వచ్చేవాడు ఇన్నాళ్ళూ మిషను వెనక దాక్కున్నాడన్నమాట. ట్యూబు మీద పేరు కూడా ఆయనే రాశారు, చొక్కా కాలరు మీద పేరు కుట్టినంత పెద్ద అక్షరాలతో. చిక్కాల హైమావతి.

అక్టోబర్ 3

వరసలో వేరే ట్యూబులు లేకపోతే మా మెషినుకి రెండు రోజులు చాలు. నూకరత్నం 6. అప్పన్న 8. సుభానీ 5.

హైమావతి 41.6.

చేపలు ఉంటాయి. లంగరు రద్దు. టగ్గులు వచ్చి మమ్మల్ని బయటి వరసకి లాగాయి, లైట్‌హౌస్ మళ్ళీ కిటికీలోకి వచ్చింది. వీధిలో ఇద్దరు నాతో మాట్లాడటం లేదు. మేక గలవాడు ఒకడు, రెండోది వాడి పెళ్ళాం. వాళ్ళు న్యాయంగానే ఉన్నారు.

సూది పెట్టె ఇచ్చేటప్పుడు చేతులు తేలికైపోయి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లలితాంగి గారు పెట్టె తీసుకుని, ఈ పుస్తకం మాత్రం వెనక్కి ఇచ్చేశారు. "రేపటి నుంచి ఇది మీ వైద్యం. రోజుకో పేజీ, ఎంత పెద్ద అక్షరాలు రాయగలిగితే అంత పెద్దవి," అన్నారు. మరి కోలాటం అని అడిగాను. రోజూ గంట, తప్పనిసరి అన్నారు.

కోలాటం ఒక్కరు ఆడేది కాదు కదా. ఆ మాట ఆవిడకి చెప్పబుద్ధి కాలేదు.

అక్టోబర్ 4

పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. పేజీకి ఏడు వరసలే పట్టాయి. పొద్దున ఏడయింది. తలుపు మీద కర్రల చప్పుడు, మూడు జతలు. వదిన ముందు ఒక చేప నా ముక్కుకి పెట్టి, వాసనొస్తోందా అంది. లేదన్నాను. అయితే ఎడం పక్కకి కొయ్యండి అన్నాడు బాబాయి. చోటు అయిపోయింది, వెళ్ళాలి.